గొలుసు చిట్టా: బ్లాక్‌చెయిన్ వాదముపై ఒక విమర్శ

కార్మికులు 'బొగ్గు బాయి' అని పిలుచు గని ఆఫీసులో కనబడు పుస్తకములలో ఒక రకమునకు ప్రత్యేకత కలదు. అది కుట్టి, అట్ట వేసి, ప్రతి పుటకు ముందుగనే వరుస సంఖ్య వేసిన పుస్తకము. షిఫ్టు ముగించిన సర్దారు, తాను పరీక్షించిన చోట పైకప్పు ఎట్లున్నది, గాలి ఆడుచున్నదా, ప్రమాదకరమగు వాయువేమైన కనబడినదా అను సంగతులను అందులో వ్రాసి సంతకము చేయును. పై వారు చదివి తమ సంతకము చేర్చుదురు. విడి కాగితము మీద వ్రాసిన చెల్లదు. 1957 నాటి బొగ్గు గనుల నిబంధనలును, వాని స్థానే వచ్చిన 2017 నాటి నిబంధనలును ఇట్టి కుట్టిన పుస్తకమునే కోరినవి. కారణము స్పష్టము. కప్పు కూలిన మరునాడు, నిన్న అంతయు బాగుగనే యున్నదని చెప్పు క్రొత్త కాగితము పుట్టరాదు. ఎవరైన 47వ పుటను చింపివేసినచో, 46 తరువాత 48 వచ్చి ఆ దొంగతనమును తానే బయటపెట్టును.

పదునైదేండ్లకు పైగా ప్రపంచమున పెద్ద చప్పుడు చేయుచున్న బ్లాక్‌చెయిన్ అనునది, మూలమున, ఇట్టి కుట్టిన పుస్తకమే. గోదావరిఖని, రామగుండము ప్రాంతముల వారికి దీనిని తెలిసికొనుటకు ఇంతకన్న దగ్గరి పోలిక దొరకదు. అయితే ఈ వ్యవస్థను పొగడువారు ఇది మనుష్యుల మధ్య నమ్మకమునే అనవసరము చేయునని చెప్పుచున్నారు. ఆ మాట ఎంతవరకు నిలుచునో చూడవలసియున్నది. అందుకు ముందు గొలుసు ఎట్లు కట్టబడునో తెలియవలెను.

పుట సంఖ్యకు ఒక లోపమున్నది. పుట ఉన్నదని అది చెప్పును గాని, పుటలోని వ్రాత మారలేదని చెప్పలేదు. 120ని ఎవరైన నేర్పుగా 130 చేసినచో 47వ పుట 47వ పుటగనే యుండును. కాని ఆ సంఖ్య ముందుగా అచ్చువేసినది కాక, పుటలోని వ్రాతనుండియే పుట్టినదైనచో? అంతేకాక, వెనుకటి పుట సంఖ్యకూడ దానిలో కలిసియున్నచో?

ఒక చిన్న లెక్క చాలును. బొగ్గు టబ్బులలో పైకి వచ్చిన కాలమున, మూడు షిఫ్టులలో వరుసగా 120, 135, 128 టబ్బులు వచ్చినవనుకొనవలెను. ప్రతి పుట అడుగున ఒక ముద్రసంఖ్య వేయుటకు నియమమిది: వెనుకటి పుట ముద్రను 7చే హెచ్చించి, ఈ పుటలోని టబ్బుల సంఖ్యను కలిపి, వచ్చిన మొత్తములో చివరి రెండంకెలను మాత్రము ఉంచవలెను. మొదట 11తో ప్రారంభించినచో, 77కు 120 చేర్చగా 197, ముద్ర 97. రెండవ పుటకు 97ను 7చే హెచ్చింపగా 679, దానికి 135 చేర్చగా 814, ముద్ర 14. మూడవ పుటకు 98కి 128 చేర్చగా 226, ముద్ర 26. ఇప్పుడెవరో మొదటి పుటలోని 120ని 130గా దిద్దినారు. మొదటి ముద్ర 97 పోయి 07 అగును. దానితో రెండవది 84, మూడవది 16 అగును. మొదటి పుటలో చేసిన చిన్న దిద్దుబాటు చివరి పుటవరకు ప్రాకినది. 'చివరి ముద్ర 26' అని జేబు పుస్తకములో రెండంకెలు వ్రాసికొన్న కార్మికుడు, ఎప్పుడు వచ్చి లెక్క వేయించినను పుస్తకమును ఎవరో తాకినారని చెప్పగలడు. ముద్రలు పుటలను ఒకదానికొకటి బిగించుచున్నవి. పుటకు బ్లాకు అనియు, ఇట్లు బిగిసిన వరుసకు చెయిన్, అనగా గొలుసు అనియు పేరు.

ఈ బొమ్మ లెక్కను నిజముగా వాడినవాడు మోసపోవును. మొదటి పుటలో 120కి బదులు 220 వ్రాసి చూడవలెను: 77, 220 కలిసి 297, ముద్ర మరల 97. నూరు దొంగ టబ్బులు గొలుసునకు చిక్కకుండ దాటిపోయినవి! కావున ముద్ర వేయు నియమము చాల గట్టిదిగ నుండవలెను. బిట్‌కాయిన్ వాడు నియమమునకు ఎస్.హెచ్.ఎ.-256 అని పేరు. అమెరికా జాతీయ ప్రమాణ సంస్థ దానిని 2002లో ప్రమాణముగా స్వీకరించినది. అందులో ముద్ర 256 ద్విసంఖ్యాంకముల పొడవుండును. ఉండదగిన ముద్రల మొత్తము 78 అంకెల సంఖ్య. ఒక్క అక్షరము మారినను ముద్రలో ఇంచుమించు సగము అంకములు మారిపోవును. ముద్రను చూచి వ్రాతను కనుగొను దారి లేదు. ఒకే ముద్ర వచ్చు రెండు వ్రాతలను ఇంతవరకు ఎవరును చూపలేదు. ఇట్టి ముద్రనే హాష్ అందురు.

ఈ గొలుసు ఆలోచన బిట్‌కాయిన్‌తో పుట్టినది కాదు. పొగడ్తల వ్యాసములలో ఈ సంగతి సామాన్యముగ కనబడదు. 1991లో స్టూవర్ట్ హేబర్, స్కాట్ స్టోర్నెట్టా అను ఇద్దరు అమెరికా పరిశోధకులు, కంప్యూటరు పత్రములకు తేదీ వేయుట ఎట్లు, ఆ తేదీని తరువాత ఎవరును వెనుకకు జరుపకుండ చేయుట ఎట్లు అను ప్రశ్నకు సమాధానముగ దీనిని ప్రకటించిరి. ఆ పద్ధతితో నడచిన సంస్థ 1995 నుండి వారమునకొక ముద్రను న్యూయార్క్ టైమ్సు పత్రికలో చిన్న ప్రకటనగా అచ్చువేయించెను. లక్షల ఇండ్లకు పోయిన పత్రికలోని అంకెలను ఎవడు మార్చగలడు? ఒక చిన్న ప్రకటన ఖర్చుతో గొలుసునకు తాళము పడినది. ఈ పాత యుక్తిని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను.

2008 అక్టోబరు 31న సతోషి నకమోటో అను పేర వెలువడిన తొమ్మిది పుటల వ్యాసము ఈ గొలుసును మరియొక పనికి వాడినది. ఆ పేరు గలవాడెవడో నేటికిని నిర్ధారణ కాలేదు. ఆ వ్యాసము చివర పేర్కొన్న ఆధారములు ఎనిమిది. అందులో మూడు హేబర్, స్టోర్నెట్టాల వ్యాసములే. రచయిత ఎత్తుకొన్న సమస్య ఇరుకైనది, స్పష్టమైనది. కంప్యూటరులోని ధనము వట్టి అంకె. అంకెను ఎన్నిసార్లైన నకలు తీయవచ్చును. ఒకే రూపాయిని ఒకడు ఇద్దరికి ఇచ్చినచో, ఏది ముందు, ఏది వెనుక అని తేల్చువాడెవడు? లోకములో ఆ పని బ్యాంకు చేయును. బ్యాంకు లేకుండ, ఒకరినొకరు ఎరుగని వేలమంది కలిసి తేల్చుట ఎట్లు? ఇదియే ఆ వ్యాసములోని ప్రశ్న.

ఆయన చెప్పిన ఉపాయము చమత్కారమైనది. చిట్టా ప్రతులు వేలమంది వద్ద ఉండును. క్రొత్త పుటను వ్రాయు అధికారము ఎవరికిని ముందుగా ఉండదు. వ్రాయదలచినవాడు ఒక పందెములో గెలువవలెను: పుట చివర ఏదో ఒక పూరకసంఖ్యను చేర్చి, పుట ముద్ర నిర్ణీత పరిమితికి లోబడునట్లు, అనగా మొదట చాల సున్నలు వచ్చునట్లు చేయవలెను. గట్టి నియమములో దీనికి అడ్డదారి లేదు. ఒక సంఖ్య, తరువాత మరియొకటి, కోట్లకొలది వేసి చూడవలసినదే. ఎవనికి ముందు తగిలిన వాడు పుటను ప్రకటించును. సరిగా ఉన్నదో లేదో తక్కినవారు క్షణములో సరిచూచుకొందురు. సగటున పది నిమిషములకొక పుట వచ్చునట్లు 2016 పుటలకొకసారి పందెపు కష్టము సవరింపబడును. గెలిచినవానికి బహుమతి క్రొత్త బిట్‌కాయిన్లు. 2009 జనవరి 3 నాటి మొదటి పుటకు 50. 2,10,000 పుటలకొకసారి సగమగుచు 2024 ఏప్రిలు నాటికి 3.125కు దిగినది. పాత పుటను దిద్దదలచినవాడు ఆ పుటతోపాటు దాని తరువాతి పుటలన్నిటికిని పందెము మరల గెలిచి, తక్కిన లోకమును దాటి ముందుకు పోవలెను. మొత్తము శక్తిలో సగమునకు మించినది తన చేతిలో లేనిదే అది సాగదు.

ఈ పందెమునకు ఇంగ్లీషున పెట్టిన పేరు మైనింగు, అనగా గని త్రవ్వకము. బొగ్గు ప్రాంతపు పాఠకులు ఈ పదము దగ్గర కొంత ఆగవలెను. బంగారు గనివారు శ్రమను ఖర్చుచేసి బంగారమును చలామణిలోనికి తెచ్చునట్లే, ఇందులో యంత్రకాలము, విద్యుత్తు ఖర్చగునని నకమోటో పోల్చెను. ఆ పోలిక ఒక మేరకే సరి. సింగరేణి కార్మికుడు టన్ను బొగ్గు పైకి తెచ్చినచో అందులో వేడి ఉన్నది. దాని విలువ త్రవ్వినవాని చెమట మీద ఆధారపడదు. బిట్‌కాయిన్ పందెములో దొరకు పూరకసంఖ్యకు మరియే ఉపయోగము లేదు. అక్కడ ఖర్చే ప్రయోజనము: పుస్తకమును దిద్దుట అంత ఖరీదైన పని అయినది కాబట్టి ఎవరును దిద్దరు. కావున ఆ యంత్రముల యజమానిని గనికార్మికుడనుట కన్న, జీతము తీసికొను కావలివాడనుట సమంజసము.

ఆ కావలివాని జీతమెంత? కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమువారి అంచనాల ప్రకారము ఇటీవలి సంవత్సరములలో బిట్‌కాయిన్ గొలుసు ఏడాదికి 10,000 కోట్ల యూనిట్లకు మించి విద్యుత్తును వాడినది. రామగుండములో 1983లో మొదటి యూనిటు నడచిన ఎన్.టి.పి.సి. పాత కేంద్రపు సామర్థ్యము 2600 మెగావాట్లు. అది ఏడాది పొడవున ఒక్క గంటయు ఆగక పూర్తి శక్తితో నడచినను వచ్చునది సుమారు 2,278 కోట్ల యూనిట్లు. అట్టి కేంద్రములు నాలుగింటికి పైగా ఆ ఒక్క చిట్టా కావలికి కావలెను. ఆ విద్యుత్తంతయు బొగ్గుదే కాదు. జలవిద్యుత్తు, వాయువు, ఇతరములును కలవు. ఎథీరియం అను రెండవ పెద్ద గొలుసు 2022 సెప్టెంబరులో పందెమును వదలి, పూచీగా ధనము కట్టినవారిలో ఒకరికి వంతు ఇచ్చు పద్ధతికి మారి, తన విద్యుత్తు ఖర్చులో నూటికి 99 పాళ్లకు మించి తగ్గించుకొన్నది. కావున ఈ దుబారా గొలుసునకు సహజ గుణము కాదు. ఒకరినొకరు ఎరుగనివారి మధ్య, ఏ పెద్దయు లేకుండ నడపవలెనను పట్టుదలకు బిట్‌కాయిన్ చెల్లించు మూల్యమది.

ఇక్కడనే వాదములోని మొదటి జారుడు కనబడును. నకమోటో ప్రశ్న పెద్దలు లేని చోటుకు సంబంధించినది. ఆయన అనుచరులు సమాధానమును తీసికొని, పెద్దలు ఉన్న చోట్లకు, అనగా రిజిస్ట్రారు ఆఫీసులకు, ఓడరేవులకు, రెవెన్యూ కచేరీలకు పట్టుకొనిపోయిరి. ఆంధ్రప్రదేశ్‌లో 2017 ప్రాంతమున భూమి రికార్డులకు దీనిని వాడు ప్రయత్నములు మొదలైనవి. 2018 ఆగస్టులో నీతి ఆయోగ్, తెలంగాణ ప్రభుత్వము కలిసి హైదరాబాదులో అంతర్జాతీయ బ్లాక్‌చెయిన్ మహాసభ నడిపినవి. అదే ఏట టెలికాం నియంత్రణ సంస్థ వ్యాపార సందేశముల నిబంధనలను వెలువరించి, సందేశము పంపు సంస్థల పేర్లు, నమూనాలు ఇట్టి పంచుకొన్న చిట్టాలో నమోదు కావలెనన్నది. సామాన్యుని ఫోనుకు నేడు వచ్చు బ్యాంకు సందేశము ఆ చిట్టాను దాటియే వచ్చుచున్నది. మోసపు సందేశములు మాత్రము నిలిచిపోలేదు.

బొగ్గు ప్రాంతమునకు మిక్కిలి దగ్గరిది చిట్టీల సంగతి. తెలంగాణ రిజిస్ట్రేషన్ల శాఖ చిట్‌ఫండ్ల పర్యవేక్షణకై 'టి-చిట్స్' అను బ్లాక్‌చెయిన్ వ్యవస్థను చేపట్టినది. జీతము పడిన రోజున చిట్టీ కట్టని వీధి కార్మికుల కాలనీలలో అరుదు. ఇరువదిమంది నెలకు 5,000 చొప్పున ఇరువది నెలలు కట్టు లక్ష రూపాయల చిట్టీ తీసికొనవలెను. కూతురు పెండ్లికి తొందరపడినవాడు పాటలో 80,000కే ఒప్పుకొన్నాడు. మిగిలిన 20,000లో నిర్వాహకుని కమిషను నూటికి 5 చొప్పున 5,000 పోగా (2019 సవరణ ఆ పరిమితిని 5 నుండి 7కు పెంచినది), 15,000 అందరికిని పంచగా తలకు 750. ఆ నెల ఒక్కొక్కరు 4,250 కట్టిన చాలును. బ్యాంకు మెట్లెక్కకుండ అప్పు, పొదుపు రెండును ఒకేచోట జరిగినవి. బీరువా తాళము మాత్రము నిర్వాహకుని చేతిలో ఉన్నది.

ఇందులో మోసములెన్ని విధములు? కట్టిన వాయిదాను కట్టలేదనుట ఒకటి. పాట పాడినవాని పేర బొంకు మనిషిని నిలుపుట రెండవది. పాట పాడుకొన్నవాడు తరువాత వాయిదాలు ఎగవేయుట మూడవది. చేరిన డబ్బును నిర్వాహకుడు భూములలో పెట్టి కూలిపోవుట నాలుగవది. అన్నిటికన్న పెద్దది, రిజిస్ట్రేషనే లేని చిట్టీ. 1982 నాటి చిట్‌ఫండ్ల చట్టము రిజిస్ట్రేషను లేని చిట్టీని నిషేధించినది. చిట్టీ మొత్తమునకు సరిపడు పూచీని నిర్వాహకుడు ముందుగనే చూపవలెనన్నది. ప్రతి పాటకు మినిట్సు వ్రాసి రిజిస్ట్రారునకు దాఖలు చేయవలెనన్నది.

గొలుసు వీనిలో దేనిని పట్టును? మొదటిదానిని నిస్సందేహముగ పట్టును. నెలనెలా పుట ముద్ర ఇరువదిమంది ఫోనులకును చేరినచో, కట్టిన వాయిదా పుస్తకములోనుండి మాయము కాజాలదు. బొంకు మనిషిని పట్టలేదు; అబద్ధపు పేరును అది నిజపు పేరువలెనే శ్రద్ధగా కాపాడును. ఎగవేసినవాని ఇంటికి పోయి అడుగలేదు. భూములలో మునిగిన డబ్బును తేలేదు. రిజిస్ట్రేషను లేని చిట్టీ ఉన్నదనియే దానికి తెలియదు. వీధి చిట్టీలో డబ్బు పోగొట్టుకొన్నవానికి హైదరాబాదులోని గొలుసు ఏ విధముగను అడ్డుపడలేదు.

టి-చిట్స్ వంటి ప్రయత్నమును తీసిపారవేయుట న్యాయము కాదు. రిజిస్ట్రారు ఆఫీసులో దుమ్ము పట్టు మినిట్సులు సభ్యుని ఫోనులో కనబడుట పెద్ద మేలు. కాని ఆ మేలులో కంప్యూటరుదెంత, గొలుసుదెంత అని విడదీసి అడుగవలెను. చాల భాగము కంప్యూటరుదే. గొలుసు పాలు ప్రతులు ఎవరి వద్ద ఉన్నవను దానిపై ఆధారపడును. ప్రతులన్నియు ఒకే శాఖ యంత్రములలో ఉన్నచో, ఒకే మనిషి తన పద్దు పుస్తకమును ఐదు పెట్టెలలో దాచుకొన్నట్లే. పరస్పరము తగవుపడగలవారి చేతులలో, అనగా సభ్యుల వద్ద, నిర్వాహకుని వద్ద, రిజిస్ట్రారు వద్ద వేరువేరుగా ఉన్నప్పుడే దానికి బలము. అంతకన్న చౌకగా కావలెనన్నచో, జిల్లాలోని చిట్టీల మినిట్సులన్నిటికి నెలకొక ముద్ర తీసి తెలుగు దినపత్రికలో వేయించిన చాలును. 1995లో న్యూయార్క్‌లో చేసినదదియే కదా!

గోదావరి ఒడ్డున మరియొక తగవున్నది. అందులో ఇరుపక్షములు నిజముగనే ఒకరినొకరు శంకించుకొందురు. అది బొగ్గు గ్రేడు తగవు. 2012 నుండి దేశములో బొగ్గును దాని వేడిని బట్టి జి-1 మొదలు జి-17 వరకు పదునేడు తరగతులుగ విభజించినారు. కిలోకు 7,000 కిలోక్యాలరీలు మించినది జి-1. అటుపై 300 చొప్పున మెట్టు దిగును. ఒక మెట్టు మారిన ధర మారును. అమ్మువారు ఒక గ్రేడనుట, విద్యుత్కేంద్రము వారు అంత లేదనుట దేశమంతట జరిగిన వివాదమే. తటస్థుడుగ నమూనాలు తీసి పరీక్షించు పనిని 2016 ప్రాంతమునుండి ధన్‌బాదులోని కేంద్ర గనుల, ఇంధన పరిశోధన సంస్థ నిర్వహించినది. నమూనాను భాగములు చేసి, ఒక భాగమును సీలువేసి, తగవు వచ్చినప్పుడు తెరచుటకు దాచుదురు.

బ్లాక్‌చెయిన్ పెట్టిన ఈ తగవు తీరునని ఎవరైన అన్నచో, వారిని బొగ్గు రేకు వద్దకు తీసికొనిపోవలెను. వేల టన్నుల బొగ్గునుండి కొన్ని కిలోలు తీసి, నలిపి, జల్లించి, చివరకు పరీక్షకు పెట్టునది ఒక గ్రాము ప్రాంతము. పార ఏ వాగనులో, ఏ లోతున దిగినది, సంచి దారిలో తడిసినదా, చీటీ మారినదా అనువానిలోనే తగవంతయు ఉన్నది. ప్రయోగశాల ఫలితము ఒకసారి అంకెయైన తరువాత గొలుసు దానిని చక్కగ కాపాడును. అప్పటికే జరుగవలసినది జరిగిపోయి యుండును. సంచి మీది లక్క సీలు గొలుసు కన్న ముందటి రక్షణ. అది సరిగా లేనిచో తరువాతి రక్షణలన్నియు తప్పునే కాపాడును.

వ్యాపారులు ఒకరి చిట్టాలో మరియొకరు చేరుట కూడ వాదకులు చెప్పినంత సులువు కాలేదు. డెన్మార్కు ఓడల సంస్థ మేర్‌స్క్, ఐ.బి.ఎం. కలిసి 2018లో 'ట్రేడ్‌లెన్స్' అను సరుకుల చిట్టాను ప్రారంభించినవి. సాంకేతికముగ అది నడచినది. లోకములోని ఓడల వ్యాపారమంతయు తగినంతగా కలిసిరానందున 2022 నవంబరులో మూసివేత ప్రకటించి 2023లో ముగించినారు. 'ఎన్నటికిని మారదు' అను మాటకును ఒక చరిత్ర ఉన్నది. 2016 జూనులో ఎథీరియం మీద నడచిన ఒక ఉమ్మడి నిధిలోని కార్యక్రమ దోషమును పట్టుకొని ఒకడు సుమారు 36 లక్షల ఈథర్లను మళ్లించుకొన్నాడు. మరుసటి నెలలోనే సభ్యులలో అధికసంఖ్యాకులు కలిసి, ఆ మళ్లింపు చెల్లకుండ గొలుసునే మార్చివేసిరి. ఒప్పుకొననివారు పాత గొలుసునే పట్టుకొని వేరుపడిరి. చేసినది న్యాయమే కావచ్చును. కాని పుస్తకము మీద మనుష్యుల మాటయే చెల్లినది.

ఈ వాదమునకు కఠినమైన పరీక్ష సింగరేణి రికార్డులలోనే ఉన్నది. దానిని మారుపేర్ల సమస్య అందురు. వెనుకటి తరములలో గనిలో చేరినవారిలో కొందరు అన్న పేరనో, బంధువు పేరనో, మరియొకరికి వచ్చిన పిలుపు మీదనో చేరిరి. కొందరి పేరు, ఇంటిపేరు, వయస్సు వ్రాసినవాడు విన్నట్లు వ్రాయబడినవి. ఆనాడు దానిని ఎవరును పట్టించుకొనలేదు. పేరు ఏదైన బొగ్గు ఎత్తినది ఆ చేతులే. ముప్పది ఏండ్లు ఆ పేరుననే మస్టరు పడినది, జీతము వచ్చినది, భవిష్యనిధి జమ అయినది. ఊరిలో భూమి పట్టాలో, ఓటరు జాబితాలో, పిల్లల బడి సర్టిఫికెట్లలో మాత్రము అసలు పేరున్నది. ఆ కార్మికుడు మరణించినప్పుడో, అనారోగ్యముతో పనికి పనికిరానప్పుడో కుమారుడు కారుణ్య నియామకము కోరుకొనును. కంపెనీ రిజిష్టరులోని తండ్రి వేరు, ఆధారు కార్డులోని తండ్రి వేరు. ఫైలు అక్కడ ఆగును.

ఇందులో ఎవరును రికార్డును దిద్దలేదు. పుట చింపలేదు. కంపెనీ రిజిష్టరు మొదటి రోజున ఎట్లున్నదో నేటికిని అట్లే ఉన్నది. బ్లాక్‌చెయిన్ వాగ్దానము చేయు గుణము, అనగా మార్పు లేకుండుట, ఆ కాగితములలో సంపూర్ణముగ నెరవేరినది. కుటుంబమునకు చేటు తెచ్చినదియు అదే. ఆ రిజిష్టరునే చేరిన నాడు గొలుసులో పెట్టియున్నచో తప్పు మరింత బిగిసియుండెడిది.

గొలుసు పక్షమువారు దీనికి ఒక సమాధానము చెప్పుదురు, అది వినదగినదే. పాత పుటను చెరుపకుండ, సవరణను క్రొత్త పుటగా చేర్చవచ్చును. ఎవరు, ఎప్పుడు, ఏ ఆధారముతో సవరించిరో అందరికిని కనబడును. మంచిదే. రహస్యముగ డబ్బు తీసికొని పేరు మార్చు దళారులున్న చోట అట్టి బహిరంగ సవరణకు విలువ కలదు. సవరణ పుట వ్రాయుటకు ముందు ఒక అధికారి కూర్చుండి, ఈ రెండు పేర్లును ఒకే మనిషివని తేల్చవలెను. ఏ సాక్ష్యము చాలును? బడి సర్టిఫికెటా, పంచాయతీ వ్రాతయా, వ్రేలిముద్రయా? నిజముగనే ఒకరి ఉద్యోగమును మరియొకరు కాజేసిన సందర్భమును దీనినుండి ఎట్లు వేరుపరచవలెను? ఎన్ని దినములలో తేల్చవలెను, తేల్చనిచో ఎవరికి చెప్పుకొనవలెను? వీనికి జవాబులు సర్వీసు నిబంధనలలో వ్రాయవలసినవి. హాష్ నియమములో దొరకవు.

రెండు పేర్లును ఒక్కనివే అని తడబాటు లేక చెప్పగలవారు కొందరున్నారు. వారు అతనితో ఒకే షిఫ్టులో ల్యాంపు రూము వద్ద దీపము తీసికొని, అతనిని అసలు పేరుతో పిలుచుచు, మస్టరులో మారుపేరు విని నవ్వుకొనుచు గనిలోనికి దిగినవారు. వారిలో చాలమంది ఇదివరకే రిటైరై ఊళ్లకు వెళ్లిపోయినారు. వారి మాటను కాగితము మీద పెట్టించుట గొలుసు చిట్టా వచ్చువరకు ఆగవలసిన పని కాదు.